టోక్యోలో రాత్రిపూట కార్ టూర్: బుకింగ్ దగ్గర్నుంచి తిరిగి రూమ్ చేరేదాకా

జపాన్ ట్రిప్ ప్లాన్ చేసుకునేవాళ్లలో కార్ల పిచ్చి ఉన్న ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే, "డైకొకుకి ఎలా వెళ్లాలి?" అని. రీల్స్‌లో స్కైలైన్‌లు, సుప్రాలు, ఆర్ఎక్స్-7లు లాంటి జపాన్ స్పోర్ట్స్ కార్లు వరసగా నిలబడి ఉండటం చూసి ఉంటారు. ఎలా వెళ్లాలో చెప్పేముందు ఆ చోటేంటో చెప్పాలి, ఎందుకంటే టికెట్ కొని చూసే ఆటో షో అనుకుని వెళ్లినవాళ్లే ఎక్కువ నిరాశపడి తిరిగొస్తారు.

డైకొకు పార్కింగ్ ఏరియా యోకోహామాలో, త్సురుమి వైపు, సముద్రాన్ని పూడ్చి కట్టిన దీవి మీద ఉంది. టోక్యో చుట్టూ పిల్లర్ల మీద పోయే ఎక్స్‌ప్రెస్‌వేలన్నిటినీ కలిపి షుటోకో అంటారు. అందులో సముద్రం ఒడ్డున పోయే వాంగన్ రూట్‌లో వెళ్లే డ్రైవర్లు టాయిలెట్‌కో కాఫీకో ఆగడానికి కట్టిన చోటు ఇది, అంతే. నిర్వాహకులు లేరు, టైమ్‌టేబుల్ లేదు, ఫలానా రోజు ఫలానా కారు వస్తుందని ఎవరూ చెప్పలేరు. కార్లున్నవాళ్లు వాళ్లంతట వాళ్లు వస్తారు, బానెట్ ఎత్తి కాసేపు కబుర్లు చెప్పుకుంటారు, డబ్బా కాఫీ తాగి వెళ్లిపోతారు. మనం వెళ్లేది వాళ్ల అడ్డాకి. బుకింగ్ నుంచి ఫోటోల దాకా కింద చెప్పినవన్నీ ఈ ఒక్క మాట గుర్తుంటే వాటంతటవే అర్థమవుతాయి.

ఇంకో సంగతి. అక్కడికి నడిచి వెళ్లడం కుదరదు. మ్యాప్‌లో చూస్తే పక్కనే బస్ స్టాప్, మామూలు రోడ్డు కనిపిస్తాయి, కానీ పార్కింగ్‌లోకి దారి ఎక్స్‌ప్రెస్‌వే మీద నుంచే, అదీ బండిలోనే. ట్యాక్సీలో వెళ్లి దిగిపోవచ్చు కదా అంటారు కొందరు. దిగొచ్చు, తిరిగి రావడమే కష్టం. ట్యాక్సీని పంపేశాక అర్ధరాత్రి ఇంకో ట్యాక్సీని ఎక్స్‌ప్రెస్‌వే మీదికి రప్పించడం అంత తేలిక కాదు, ఇక కాలినడకన ర్యాంప్ ఎక్కితే చట్టప్రకారం నేరం, పైగా ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే టూర్ కావాలి, లేదా మీరే కారు అద్దెకి తీసుకోవాలి.

ముందుగా తేదీ ఎంచుకోండి, తర్వాతే టూర్

చాలామంది ట్రిప్‌లో ఖాళీగా ఉన్న రాత్రి చూసి బుక్ చేస్తారు. తిరగేసి చేయండి. శుక్ర, శనివారాల రాత్రి, ఆదివారం పొద్దున జనం, కార్లు ఎక్కువ. కాకపోతే ఎక్కువ కార్లొచ్చే రాత్రే పోలీసులూ వస్తారు. వారాంతపు రాత్రుల్లో తొమ్మిది, పది గంటలకల్లా మైకులో అందరినీ వెళ్లిపొమ్మని చెప్పి పార్కింగ్ మూసేయడం అక్కడ మామూలు. కాబట్టి శుక్ర, శనివారాల్లో వెళ్తుంటే చీకటి పడేసరికి అక్కడ ఉండేలా చూసుకోండి. "రాత్రి పదకొండుకి బయల్దేరతాం" అనే టూర్ వినడానికి థ్రిల్లింగ్‌గా ఉంటుంది కానీ ఆ టైమ్‌కి గేటు వేసి ఉండే ప్రమాదం ఉంది.

నన్నడిగితే ఆదివారం పొద్దున్నే బెస్ట్ అంటాను. వెలుతురులో కార్లు బాగా కనిపిస్తాయి, పాతకాలం కార్లవాళ్లు ఎక్కువగా పొద్దునే వస్తారు, తీరిగ్గా మాట్లాడతారు. కానీ ఇక్కడ మన విషయం రాత్రి టూర్, కాబట్టి రాత్రి సంగతే చెప్తాను.

వాన పడే రోజు వద్దు. పాలిష్ చేసి మెరిపించిన ముప్పై ఏళ్ల నాటి కారుని వానలో ఎవరూ బయటికి తీయరు. ముందే బుక్ చేసేసి ఉంటే వాన పడితే తేదీ మార్చుకోవచ్చో లేదో అడిగి పెట్టుకోండి. జనవరిలో చీబాలోని మకుహారి మెస్సేలో టోక్యో ఆటో సలోన్ జరుగుతుంది, 1983 నుంచి నడుస్తున్న పెద్ద షో. ఆ వారాంతం దేశం నలుమూలల నుంచీ కార్లు దిగుతాయి, అదే లెక్కన రద్దీ, పోలీసుల గట్టిదనం కూడా పెరుగుతాయి. ఆ సమయంలో వెళ్తే పగలు షో చూసుకోండి, రాత్రి దొరికితే బోనస్ అనుకోండి.

నెంబర్ ప్లేట్ రంగు చూడకుండా డబ్బు కట్టకండి

ఈ స్టెప్ మాత్రం దాటేయకండి. జపాన్‌లో డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే బండికి పర్మిట్ ఉండాలి, ఆ పర్మిట్ ఉన్న బండికి ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటాయి. సొంత కారుకి తెల్ల ప్లేటు మీద ఆకుపచ్చ అక్షరాలు, 660 సీసీ లోపు చిన్న కేయ్ కార్లకి పసుపు ప్లేటు. సొంత కారులో డబ్బుకి జనాన్ని తిప్పడాన్ని అక్కడ షిరోటాకు అంటారు, చట్టవిరుద్ధం, దాని మీద కేసులు పెడుతుంటారు. సోషల్ మీడియాలో "నా ఆర్34 స్కైలైన్‌లో తిప్పుతాను, ఇంత ఇవ్వండి" అని మెసేజ్ పెట్టే కుర్రాళ్లలో చాలామంది ఈ కోవలోకే వస్తారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. కానీ దారిలో ఏదైనా అయితే ఇన్సూరెన్స్ చేతులెత్తేయొచ్చు, పోలీసులు ఆపితే మీ రాత్రంతా ప్రశ్నలకి జవాబులు చెప్పడంతోనే సరిపోతుంది.

కాబట్టి బుక్ చేసేముందు ఒక మెసేజ్ పెట్టండి: "మేం ఎక్కే బండికి ఆకుపచ్చ ప్లేటు ఉందా? మీ కంపెనీకి ట్రావెల్ ఏజెన్సీ రిజిస్ట్రేషన్ నెంబర్ ఉందా?" సరైనవాళ్లు వెంటనే జవాబిస్తారు. "రైడ్ ఫ్రీ అండీ, గైడ్ ఫీజు మాత్రమే తీసుకుంటాం" లాంటి మెలికల జవాబు వస్తే మర్యాదగా తప్పుకోండి. ఆకుపచ్చ ప్లేటుతో జీటీ-ఆర్ లాంటి స్పోర్ట్స్ కారు దొరకడం చాలా అరుదు, అందుకని పర్మిట్ ఉన్న టూర్లలో ఎక్కువగా ఆల్ఫార్డ్ లాంటి వ్యాన్‌లోనే తీసుకెళ్తారు. అది విని మొహం ముడుచుకోకండి. చూడాల్సిన కార్లు బయటున్నాయి, వ్యాన్ కిటికీలోంచి అవి ఇంకా బాగా కనిపిస్తాయి.

ఇంకో పద్ధతి కూడా ఉంది, నాకు బాగా నచ్చినది: మీరే అద్దె కారు తీసుకుని నడుపుతారు, గైడ్ తన కారులో ముందు వెళ్తూ దారి చూపిస్తాడు. అద్దె కార్ల ప్లేటు మీద అంకెల పక్కన "వా" అనే జపాన్ లిపి (హిరగానా) అక్షరం ఉంటుంది, అద్దె కార్లలో ఎక్కువ భాగం ఆ గుర్తుతోనే తిరుగుతాయి. డ్రైవింగ్ మనకి కొత్తగా ఏమీ ఉండదు, స్టీరింగ్ కుడివైపు, బండి ఎడమవైపు, మన దగ్గరలాగే. ఇండియాలో ఆర్టీవో ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఉంటుంది కాబట్టి జపాన్‌లో చెల్లుతుంది. దేశం దాటకముందే, ఇక్కడే తీసుకోండి, ఒరిజినల్ లైసెన్సు, పాస్‌పోర్టు కూడా వెంట ఉంచుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి లైసెన్సు మీద అక్కడే తీసుకోవాలి. కారుతోపాటు ఈటీసీ కార్డు అడగండి, టోల్ గేట్ల దగ్గర ఆగకుండా వెళ్లిపోవచ్చు. మొదటిరోజే షుటోకో ఎక్కడం మాత్రం వద్దు. ఎడమ, కుడి రెండువైపుల నుంచీ ర్యాంప్‌లు వచ్చి కలుస్తాయి, నిర్ణయం తీసుకోవడానికి కొన్ని సెకన్లే ఉంటాయి, ఒక మలుపు తప్పితే మళ్లీ ఊరంతా తిరిగి రావాలి.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

ధర ఒక్కొక్కరికి పది వేల యెన్‌ల పైనుంచి మొదలవుతుంది, బండి ఎంత ప్రత్యేకమైతే అంత పెరుగుతుంది. ధర కంటే ముఖ్యంగా అడగాల్సింది, డైకొకు మూసేసి ఉంటే ఏం చేస్తారు అని. మంచి గైడ్ దగ్గర రెండో ప్లాన్, మూడో ప్లాన్ రెడీగా ఉంటాయి. డబ్బు వాపసు ఇస్తారా, లేకపోతే దాని బదులు ఎక్కడికి తీసుకెళ్తారో రాతపూర్వకంగా తీసుకోండి. టోల్ చార్జీలు ధరలో కలిసి ఉన్నాయా, తిరిగి ఎక్కడ దింపుతారు, ఎన్నింటికి దింపుతారు, ఇవి కూడా.

పిల్లలు ఉంటే చైల్డ్ సీట్ గురించి అడగండి, జపాన్‌లో ఆరేళ్ల లోపు పిల్లలకి మామూలు కార్లలో అది తప్పనిసరి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి కూడా బెల్టు తప్పనిసరే, 2008 నుంచి. అమ్మానాన్నలు మీతో ఉంటే స్పోర్ట్స్ కారు ఆలోచన మానుకోండి. ఆర్34 స్కైలైన్ జీటీ-ఆర్ రెండు డోర్ల కారు, వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటు వంచి వంగి దూరాలి. సస్పెన్షన్ కిందికి దించి గట్టి చేసిన కార్లలో రోడ్డు మీద ప్రతి జాయింటు నడుముకి తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారిని అందులో కూర్చోబెట్టి తర్వాత వారం రోజులు మాట పడకండి.

ఆ సాయంత్రం

భోజనం ముందే కానివ్వండి. దారిలో ఆగే చోట్ల దొరికేవి వెండింగ్ మెషీన్ కాఫీ, చిన్నా చితకా తినుబండారాలు. శాకాహారులైతే కన్వీనియన్స్ స్టోర్‌లో ఉమెబోషి అనే ఊరబెట్టిన పండు పెట్టిన ఒనిగిరి (అన్నం ముద్ద) దొరుకుతుంది, పుల్లగా ఉప్పగా ఉంటుంది, ఊరగాయ అన్నం తినే నోటికి ఇబ్బందేమీ ఉండదు, చేప పులుసు లాంటిదేమైనా కలిపారేమో లేబుల్ మీద ఫోన్ ట్రాన్స్‌లేటర్ పెట్టి చూసుకోండి. టోక్యోలో మన దేశంవాళ్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్‌లో తెలుగువాళ్లు ఎవరైనా తెలిసి ఉంటే పులిహోర కట్టించుకోండి, నేను తప్పు పట్టను. గైడ్ కారులో మాత్రం విప్పకండి, ఆ సీటు ఖరీదు మనకి తెలీదు.

జాకెట్ తీసుకెళ్లండి. డైకొకు సముద్రం మీద ఉంది, వేసవి తప్పితే గాలి ఎముకల్లోకి దూరుతుంది. పర్సులో చిల్లర యెన్‌లు, ఫోన్‌కి పవర్ బ్యాంక్, చెత్త వేసుకోవడానికి ఒక చిన్న కవర్. జపాన్‌లో చెత్తబుట్టలు ఎక్కడపడితే అక్కడ కనపడవు, మన చెత్త మనమే మోసుకెళ్లాలి. తాగి మాత్రం వెళ్లకండి, నడిపేది మీరు కాకపోయినా సరే, తాగినవాళ్ల గోల అక్కడ ఎవరికీ నచ్చదు.

దారే సగం టూర్

షిబుయాలో ఎక్కారనుకుందాం. రూట్ 3 మీదుగా వెళ్లి, ఊరి నడిబొడ్డు చుట్టూ తిరిగే సీ1 లూప్‌లో కలుస్తారు. 1964 ఒలింపిక్స్ కోసం హడావిడిగా కట్టిన రోడ్లలో చాలా భాగం ఇవే. స్థలం కొనడం కష్టం కాబట్టి కాలువల మీద, నదుల మీద పిల్లర్లు వేసి కట్టేశారు, అందుకే బిల్డింగుల మధ్య పాములా మెలికలు తిరుగుతుంది. ఒక మలుపు దగ్గర టోక్యో టవర్ ఉన్నట్టుండి కిటికీ నిండా వచ్చేస్తుంది, ఫోన్ రెడీగా పెట్టుకోండి. తర్వాత రెయిన్‌బో బ్రిడ్జ్, 1993లో తెరిచారు, అది దాటి అరియాకే దగ్గర వాంగన్‌లోకి. ఇక్కడి నుంచి రోడ్డు విశాలం, వరస లైట్లు. హనేదా ఎయిర్‌పోర్ట్ దాటాక నీటి కింద సొరంగాలు వస్తాయి. గైడ్‌ని అడిగి సొరంగంలో కిటికీ కొంచెం దించండి. పక్క లేన్‌లో రోటరీ ఇంజన్ ఆర్ఎక్స్-7 వెళ్తే ఆ చప్పుడు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి ఒళ్లు ఝల్లుమంటుంది. తర్వాత త్సురుమి త్సుబాసా వంతెన, ఆ వెంటనే డైకొకు ర్యాంప్. ఆ ర్యాంప్ గుండ్రంగా, మెట్ల మీద మెట్లలా చుట్లు చుట్లుగా కిందికి దిగుతుంది, దిగుతుంటేనే కింద పార్కింగ్ ఒక్కో చుట్టుకీ కొంచెం కొంచెం కనిపిస్తుంది, ఎన్ని కార్లున్నాయో అప్పుడే లెక్క తెలుస్తుంది. వీడియో తీయాలంటే అదే సమయం. ట్రాఫిక్ లేకపోతే షిబుయా నుంచి ఇదంతా గంట లోపే.

స్పీడ్ గురించి కూడా చెప్పాలి, పాత రేసింగ్ కథలు విని "కొంచెం తొక్కమను" అని గైడ్‌ని అడిగేవాళ్లుంటారు. వాంగన్‌లో లిమిట్ గంటకి 80 కిలోమీటర్లు, సీ1లో అంతకంటే తక్కువ. అంతకు మించి తొక్కడానికి ఒప్పుకునే గైడ్ అయితే ఆ కారు దిగిపోవడమే మంచిది.

పార్కింగ్‌లో దిగాక

ముందు గైడ్‌తో ఎన్నింటికి, ఎక్కడ కలుసుకోవాలో ఖాయం చేసుకోండి, కారు ప్లేట్ ఫోటో తీసుకోండి. పెద్ద పార్కింగ్, అందులో తెల్ల వ్యాన్‌లన్నీ ఒకేలా ఉంటాయి. కార్లు కదిలే లేన్ మధ్యలో నిలబడి ఫోటోలు తీయకండి, ఇక్కడ గొడవలకి మొదటి కారణం అదే.

కారు దగ్గరికి వెళ్లాక చేతులు వెనక్కి. నిజంగానే, వెనక్కి కట్టుకోండి. ఒక్క చెయ్యి కూడా బాడీ మీద పడకూడదు, బ్యాగ్ జిప్పు గీసుకుపోకూడదు. ఓనర్ పక్కనే ఉంటాడు, కాకపోతే రెండు కార్ల అవతల కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. "సుమిమాసెన్, షాషిన్ ఈ దెస్ కా?" అంటే, "క్షమించండి, ఫోటో తీసుకోవచ్చా?" అని. తల ఊపాక తీయండి, తీశాక "కక్కోయీ!" అనండి, అదిరింది అని అర్థం, ఎంత సీరియస్ మనిషైనా నవ్వుతాడు. ఆన్‌లైన్‌లో పెట్టేముందు నెంబర్ ప్లేటు, మొహాలు బ్లర్ చేయండి. చాలామంది ఓనర్లు ప్లేటుకి అట్టముక్కో గుడ్డో అడ్డం పెడతారు, అది తీయమని అడగకండి.

ఏం చూడాలో తెలీనివాళ్లకి ఒక దారి చెప్తాను: ప్లేట్ల నుంచి మొదలుపెట్టండి. పైన ఉన్న పేరు ఏ ఊరిదో చెప్తుంది, యోకోహామా, షినగావా లాంటివి పక్క ఊళ్లు, నగోయా కనబడితే వందల కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చాడన్నమాట. కింద పెద్ద అంకెల్ని 1999 నుంచి ఓనర్ కోరుకోవచ్చు. ఆర్34 మీద 34, టొయోటా ఏఈ86 మీద 86 కనిపిస్తాయి. 9999 కోసం వేలంలో లక్షలు పోసే మనకి ఈ సరదా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత బానెట్ ఎత్తిన కార్లు. 1989లో వచ్చిన ఆర్32 నుంచి 2002లో ఆగిపోయిన ఆర్34 దాకా మూడు తరాల స్కైలైన్ జీటీ-ఆర్‌లలో ఉన్నది ఒకే ఇంజన్, ఆర్బీ26, 2.6 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. కాగితం మీద అన్నిటికీ 280 హార్స్‌పవరే, జపాన్ కంపెనీలు తమలో తాము అంతకు మించి చెప్పకూడదని 2004 దాకా ఒప్పందం పెట్టుకున్నాయి. నిజంగా ఎంత ఇస్తుందో ఓనర్‌ని అడగండి, జవాబుగా వచ్చే చిరునవ్వు చూడండి. ఒక రాత్రి చూశాను, 1969లో మొదటి జీటీ-ఆర్ వచ్చిన తరం స్కైలైన్ పక్కన తెల్ల జుట్టు పెద్దాయన వంగి బంపర్ క్రోమ్‌ని చిన్న మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. ఎవరైనా దగ్గరికి వచ్చి చూసి వెళ్లగానే అదే చోట మళ్లీ తుడుస్తాడు, ఎవరూ ముట్టుకోకపోయినా. అలాంటి వాళ్ల దగ్గర తొందరపడకుండా నిలబడండి, మీరు కార్ల మనిషని అర్థమైతే డ్రైవర్ డోర్ తెరిచి చూపిస్తారు.

బొమ్మల కథల హీరోయిన్‌ని కారంతా అతికించుకున్న ఇతాషాలు, నేలకి అంటుకుపోయినట్టు దించిన పెద్ద సెడాన్‌లు, వెదురు బొంగుల్లా ఆకాశంలోకి లేచిన ఎగ్జాస్ట్ పైపులు, అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. మన ఊళ్లలో మార్చిన సైలెన్సర్లని పోగేసి రోడ్డు రోలర్‌తో తొక్కించడం చూసినవాళ్లకి ఇదంతా ఎలా కుదిరింది అనిపిస్తుంది. అక్కడ షాకెన్ అనే తనిఖీ ఉంది, కొత్త కారుకి మూడేళ్లకి, తర్వాత రెండేళ్లకోసారి. ఎత్తు, చప్పుడు, పొగ, లైట్లు కొలుస్తారు, ఆ కొలతల్లో ఉన్నంతవరకు మీ ఇష్టం. కొలత దాటినవాళ్లు కూడా ఉంటారనుకోండి, పోలీసులు మైకు పట్టుకుని వచ్చేది వాళ్ల కోసమే. ఇంజన్ ఊరికే రెయిజ్ చేయమని ఎవరినీ అడగకండి. మీ వీడియో కోసం ఆయన ఒక్కసారి తొక్కితే పార్కింగ్ అందరికీ మూతపడొచ్చు.

మూసేస్తే

ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎలక్ట్రానిక్ బోర్డులో డైకొకు మూసేశారని దారిలోనే కనిపిస్తుంది, గైడ్‌కి అది చదవడం వచ్చు. టెన్షన్ పడక్కర్లేదు. కవాసాకి దగ్గర తిరిగి ఆక్వా-లైన్ సొరంగంలోకి వెళ్తే టోక్యో అఖాతం మధ్యలో ఉమిహోతారు వస్తుంది, 1997లో తెరిచిన కృత్రిమ దీవి. సొరంగం అక్కడ ముగిసి వంతెన మొదలవుతుంది. నాలుగు వైపులా సముద్రమే, షాపులున్నాయి, టాయిలెట్లు నీట్‌గా ఉంటాయి, అమ్మానాన్నలకి డైకొకు కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది. టోల్ వేరే పడుతుంది, ముందే అడిగి ఉంటారు కాబట్టి పేచీ ఉండదు. ఊరి వైపు తిరిగితే తత్సుమి పార్కింగ్ ఉంది, చిన్నది, ఎత్తైన అపార్ట్‌మెంట్ల లైట్ల ముందు కార్ల ఫోటోలు బాగా వస్తాయి, కానీ డైకొకు మూసిన రాత్రి అక్కడికే అందరూ మళ్లుతారు కాబట్టి అది కూడా నిండిపోవచ్చు, మూసేయొచ్చు. రెయిన్‌బో బ్రిడ్జ్ దగ్గర షిబౌరా ఇంకోటి.

తొందరగా బయల్దేరినవాళ్లకి ఒక చిన్న చిట్కా: షినోనోమేలో ఏ పిట్ ఆటోబాక్స్ అనే పెద్ద కార్ షాపు ఉంది, వీల్స్, సీట్లు, స్టిక్కర్లు, లోపలే పుస్తకాలు, కాఫీ. సాయంత్రం అక్కడ ఆగి వెళ్లే టూర్ దొరికితే తీసుకోండి. కీచైన్‌కి మించి కొనకండి, బకెట్ సీటుని చెక్-ఇన్ బ్యాగేజీలో వేయలేరు.

తిరుగు ప్రయాణం

టోక్యోలో చివరి రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి, మళ్లీ మొదలయ్యేది తెల్లవారుజామున ఐదు ఆ ప్రాంతంలో. టూర్ పన్నెండు దాటాక ముగిస్తే ట్యాక్సీయే దిక్కు, రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా మీటరు మీద 20 శాతం అదనం. అందుకే హోటల్ దగ్గరే దింపే టూర్‌కి కొంచెం ఎక్కువ అడిగినా ఇచ్చేయండి, లేదా బుకింగ్ చేసేటప్పుడే దింపే చోటుకి నడిచి వెళ్లే దూరంలో రూమ్ తీసుకోండి. గైడ్‌కి టిప్ ఇవ్వాలా అని అడుగుతారు అందరూ. జపాన్‌లో ఆ అలవాటు లేదు, ఇస్తే ఇబ్బంది పడతారు. మన ఊరి నుంచి తెచ్చిన ఒక చిన్న స్వీట్ ప్యాకెట్ ఇవ్వండి, పూతరేకులైతే విరిగిపోకుండా డబ్బాలో పెట్టి.